కొలువు కబుర్లు: శని, ఆదివారాలు ఎవరివి?

శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకి మేనేజరు దగ్గర్నుంచి ఈ-మెయిల్ వచ్చిందంటే మన ఇళ్ళల్లో గుండె గుభేలుమంటుంది. "శనివారం పొద్దున్నే అందరూ లాగిన్ అవ్వండి, ఆదివారం కూడా అవసరం పడచ్చు" అని రెండే రెండు ముక్కలుంటాయి అందులో. దాంతో పిల్లవాడి సాకర్ మ్యాచ్, అమ్మాయి తెలుగు క్లాసు, స్నేహితుల ఇంట్లో సత్యనారాయణ వ్రతం, ఇండియాలో అమ్మానాన్నలతో తీరిగ్గా మాట్లాడదామనుకున్న ఫోను, అన్నీ వచ్చే వారానికి వాయిదా. వచ్చే వారం మళ్ళీ ఇదే కథ.

ఈ శీర్షికకి తరచూ వచ్చే ప్రశ్నలు మూడున్నాయి. బాస్ వీకెండ్ పని చెయ్యమంటే చెయ్యాల్సిందేనా? చేస్తే డబ్బులు రావాలా, వద్దా? ఎదురు మాట్లాడితే వీసాకి ముప్పా? ఇవి మూడూ వేరు వేరు ప్రశ్నలు, జవాబులూ వేరే. మనవాళ్ళు మాత్రం మూడింటినీ కలిపి ఒకే భయంగా మూటకట్టుకుని ఊరుకుంటారు. ఈసారి ఆ మూట విప్పి చూద్దాం. ముందే ఒక మాట: నేను లాయర్ని కాను, కంప్యూటర్ల మనిషిని. ఇక్కడ రాస్తున్నవి అమెరికా చట్టాల్లోని సాధారణ నియమాలు. మీ సొంత వ్యవహారానికి మీ రాష్ట్రంలోని లేబర్ లాయర్ని అడగండి.

చెయ్యమనే హక్కు బాస్‌కి ఉందా?

చాలావరకు ఉంది. చేదుగా ఉన్నా ముందు ఈ సంగతి తెలుసుకోవడం మంచిది. ఇక్కడి పనిగంటలకి మూలమైన చట్టం ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ యాక్ట్. ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ 1938లో దాని మీద సంతకం చేశారు. మొదట వారానికి 44 గంటలని పెట్టి, 1940 కల్లా 40కి దింపారు. పెద్దవాళ్ళ చేత ఇన్ని గంటలకి మించి పని చేయించకూడదని ఆ చట్టంలో ఎక్కడా లేదు. శనివారం, ఆదివారం అన్న పేర్లకి ప్రత్యేకమైన విలువ కూడా లేదు. వారంలో 40 గంటలు దాటితే, దాటిన ప్రతి గంటకీ ఒకటిన్నర రెట్లు జీతం ఇవ్వాలని మాత్రం ఉంది.

అంటే మీరు శనివారం ఎనిమిది గంటలు చేసి, అదే వారంలో బుధవారం సెలవు తీసుకుంటే మొత్తం 40 గంటలే. ఓవర్‌టైమ్ రాదు. కానీ ఈ వారం 50 గంటలు చేయించి, "వచ్చే వారం 30 చెయ్యి, సరిపోతుంది" అంటే కుదరదు. చట్టం లెక్కలో వారం అంటే వరసగా ఏడు రోజులు, 168 గంటలు. ఏ వారం లెక్క ఆ వారానిదే. ఓవర్‌టైమ్ రావలసిన ఉద్యోగికి డబ్బుకి బదులు తరవాతెప్పుడో సెలవు ఇస్తానని ప్రైవేటు కంపెనీ అనడానికి వీల్లేదు.

వీకెండ్ పనికి రాననే వాళ్ళని తీసెయ్యవచ్చా? మోంటానా తప్ప మిగతా రాష్ట్రాల్లో, కాంట్రాక్టులో మరోలా రాసుకోకపోతే, కారణం చెప్పకుండానే తీసెయ్యవచ్చు. కాకపోతే తీసెయ్యకూడని కారణాలు కొన్నున్నాయి. ఓవర్‌టైమ్ డబ్బులు అడిగినందుకు, లేబర్ డిపార్ట్‌మెంట్‌కి ఫిర్యాదు చేసినందుకు తీసేస్తే అది కక్ష సాధింపు కిందికి వస్తుంది, చట్టవిరుద్ధం. యూనియన్ లేకపోయినా సరే, ఇద్దరు ముగ్గురు తోటి ఉద్యోగులు కలిసి పనిగంటల గురించి మేనేజరుని అడిగితే దానికి 1935 నాటి నేషనల్ లేబర్ రిలేషన్స్ యాక్ట్ రక్షణ ఉంది. సూపర్‌వైజర్లకి మాత్రం ఇది వర్తించదు. ఒక్కరే వెళ్ళి అడగడం కంటే టీమ్‌లో నలుగురు కలిసి అడగడం మేలని ఇందుకే అంటాను.

డబ్బులు రావాలా, వద్దా?

ఇది మీరు ఎగ్జెంప్టా, నాన్-ఎగ్జెంప్టా అన్నదాని మీద ఆధారపడుతుంది. ఎగ్జెంప్ట్ అంటే ఓవర్‌టైమ్ నియమం మీకు వర్తించదని. "నాది శాలరీ ఉద్యోగం, ఓవర్‌టైమ్ ఎలా వస్తుంది?" అనుకుంటారు చాలామంది. శాలరీ ఒక్కటే సరిపోదు. మీరు చేసే పని కూడా చట్టం చెప్పిన కోవలో ఉండాలి. విజిటింగ్ కార్డు మీద ఏం రాశారన్నది లెక్కలోకి రాదు.

కంప్యూటర్ ఉద్యోగులకి ప్రత్యేకంగా ఒక మినహాయింపు ఉంది. సిస్టమ్స్ అనలిస్టులు, ప్రోగ్రామర్లు, సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు, వీళ్ళలాంటి పని చేసేవాళ్ళు దాని కిందికి వస్తారు. వారానికి కనీసం 684 డాలర్ల శాలరీ గానీ, గంటకి కనీసం 27.63 డాలర్లు గానీ ఉండాలి. 2024లో ఆ 684ని పెంచుతూ రూలు వచ్చింది కానీ, అదే ఏడాది నవంబరులో టెక్సస్‌లోని ఫెడరల్ కోర్టు దాన్ని కొట్టేసింది. కాబట్టి మళ్ళీ పాత అంకే.

హెల్ప్‌డెస్క్‌లో టిక్కెట్లు చూసేవాళ్ళు, లాప్‌టాప్‌లు సెటప్ చేసేవాళ్ళు, ఉన్న సాఫ్ట్‌వేర్‌ని ఇన్‌స్టాల్ చేసి ట్రబుల్‌షూట్ చేసేవాళ్ళు సాధారణంగా ఈ మినహాయింపులోకి రారు. 2006లో లేబర్ డిపార్ట్‌మెంటే ఒక ఐటీ సపోర్ట్ ఉద్యోగం గురించి ఈ మాట చెప్పింది. అదే ఏడాది ఐబీఎం సంస్థ, ఓవర్‌టైమ్ ఎగ్గొట్టిందని దాదాపు 32,000 మంది టెక్నికల్ సపోర్ట్ ఉద్యోగుల తరఫున వేసిన కేసుని 6.5 కోట్ల డాలర్లకి రాజీ చేసుకుంది.

వీడియో గేముల కంపెనీ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కథ ఇంకా ఆసక్తికరం. 2004 నవంబరులో అక్కడ పనిచేసే ఒక ఉద్యోగికి కాబోయే భార్య పేరు చెప్పకుండా ఒక బహిరంగ లేఖ రాసింది. శని, ఆదివారాలు లేకుండా నెలల తరబడి పని చేయిస్తున్నారని, మనిషి ఇంటికొచ్చేసరికి ఒంట్లో శక్తి ఉండటంలేదని దాని సారాంశం. లేఖ ఇంటర్నెట్‌లో గుప్పుమంది. ఓవర్‌టైమ్ కోసం అప్పటికే మొదలైన కేసులకి అది బలమిచ్చింది. ఆర్టిస్టుల కేసు 1.56 కోట్ల డాలర్లకి, ప్రోగ్రామర్ల కేసు 1.49 కోట్ల డాలర్లకి తేలాయి. మొదట నోరు తెరిచింది ఉద్యోగి కాదు, ఇంట్లో ఎదురుచూసే మనిషి. మన ఇళ్ళల్లో కూడా ముందు గమనించేది వాళ్ళే కదా!

ఒక లెక్క చూద్దాం. హెల్ప్‌డెస్క్‌లో గంటకి 30 డాలర్ల ఉద్యోగి ఒక వారం 48 గంటలు చేశాడనుకోండి. మొదటి 40కి 1,200 డాలర్లు. మిగతా 8కి గంటకి 45 చొప్పున 360. మొత్తం 1,560 రావాలి. నెలకి రెండు వీకెండ్లు ఇలా పోతూ, ఆ 8 గంటలకి ఏమీ ఇవ్వడంలేదంటే, ఏడాదికి ఎనిమిది వేల డాలర్లు దాటిపోతుంది. పాత బాకీ రెండేళ్ళ వెనక్కి వెళ్ళి అడగవచ్చు. యజమాని తెలిసి చేశాడని తేలితే మూడేళ్ళు. ఎంత ఎగ్గొట్టారో అంతకి అంత అదనంగా కలిపి ఇప్పించే వీలు కూడా చట్టంలో ఉంది.

ఎగ్జెంప్ట్ ఉద్యోగులకి కూడా ఒక చిన్న సౌకర్యం ఉంది. వీకెండ్ చేసినా మీకు అదనంగా పైసా రాదు, నిజమే. కానీ పిల్లల స్కూల్ ప్రోగ్రామ్ కోసం మంగళవారం మధ్యాహ్నం రెండు గంటలు ముందే వెళ్ళిపోయారని మీ శాలరీ కొయ్యకూడదు. సెలవుల ఖాతాలోంచి తగ్గించుకుంటే తగ్గించుకోవచ్చు, అంతే. వీకెండ్ రిలీజ్ చేసిన వారంలో ఇలాంటి వెసులుబాటు అడగడానికి మొహమాటపడకండి.

కన్సల్టెంట్లకి ప్రత్యేకం

మనలో చాలామంది గంటల లెక్కన డబ్ల్యూ-2 మీద పనిచేసేవాళ్ళు. గంటకి 60 డాలర్ల ప్రోగ్రామర్‌కి ఫెడరల్ చట్టం ప్రకారం ఒకటిన్నర రెట్లు రాకపోవచ్చు. కానీ చేసిన ప్రతి గంటకీ ఆ 60 రావాలి. "క్లయింటు 40 గంటలే అప్రూవ్ చేశాడు, టైమ్‌షీట్‌లో 40 అనే రాయి" అనే మాట మనలో చాలామంది విన్నదే. క్లయింటు మీ కంపెనీకి ఇచ్చాడా లేదా అన్నది వాళ్ళిద్దరి మధ్య వ్యవహారం. మీరు పని చేశారని తెలిసీ కంపెనీ చెయ్యనిచ్చిందంటే, అది పని కిందే లెక్క.

రోజుకి ఇంత అని మాట్లాడుకునేవాళ్ళు కూడా కాస్త ఆగి చూసుకోండి. 2023లో సుప్రీం కోర్టు హీలిక్స్ ఎనర్జీ కేసులో ఏడాదికి రెండు లక్షల డాలర్లు పైగా సంపాదించే ఒక చమురు రిగ్ ఉద్యోగికి కూడా ఓవర్‌టైమ్ ఇవ్వాలంది. కారణం, ఆయనకి ఇచ్చేది రోజు కూలీ లెక్కే కానీ నికరమైన వారపు శాలరీ కాదు. ఇక 1099 మీదో, సొంత కంపెనీ పేరుతోనో నిజంగా స్వతంత్రంగా పనిచేసేవాళ్ళకి ఈ చట్టం రక్షణ లేదు. కాగితం మీద ఏం రాసుకున్నారో అదే. వీకెండ్ రేటు ఎంతో సంతకానికి ముందే రాయించుకోండి.

ఆదివారం రాత్రి కాల్స్ సంగతి? హైదరాబాద్‌లో సోమవారం ఉదయం 9 అయితే, న్యూజెర్సీలో ఎండాకాలం ఆదివారం రాత్రి 11:30, చలికాలం 10:30. ఆ మీటింగు కూడా పనిగంటలే. ఆన్-కాల్ అయితే, ఫోను దగ్గర పెట్టుకుని మీ పనులు మీరు చేసుకునే సమయం సాధారణంగా లెక్కలోకి రాదు. ఫోను మోగి, లాప్‌టాప్ తెరిచి, సర్వర్ని లేపిన గంటన్నర మాత్రం వస్తుంది. ఫ్రాన్స్‌లో 2017 నుంచి, ఆస్ట్రేలియాలో 2024 నుంచి డ్యూటీ అయ్యాక ఫోను ఎత్తనక్కర్లేదనే హక్కుకి చట్టం ఉంది. అమెరికాలో ఫెడరల్ స్థాయిలో అలాంటిది లేదు.

రాష్ట్రాన్ని బట్టి

కాలిఫోర్నియాలో ఉన్న పాఠకులకి కాస్త మెరుగు. అక్కడ ఓవర్‌టైమ్ వారం లెక్కనే కాదు, రోజు లెక్కన కూడా ఉంది. రోజుకి 8 గంటలు దాటితే ఒకటిన్నర, 12 దాటితే రెట్టింపు. ఒకే పనివారంలో ఏడు రోజులూ చేస్తే, ఏడో రోజు మొదటి 8 గంటలకి ఒకటిన్నర, ఆపైన రెట్టింపు. గంటకి 30 డాలర్ల ఉద్యోగి ఏడో రోజు 10 గంటలు చేస్తే 360, 120 కలిపి 480 డాలర్లు. అక్కడ కంప్యూటర్ ఉద్యోగిని ఎగ్జెంప్ట్ అనాలంటే జీతం కూడా బాగా ఎక్కువ ఉండాలి. 2025లో అది గంటకి 56.97 డాలర్లు, ఏటా మారుతుంది. టెక్సస్ నుంచి శాన్ హోసేకి మారిన కుటుంబాలు ఇది మళ్ళీ చూసుకోవాలి.

ఏడు రోజుల్లో ఒక రోజు విశ్రాంతి ఇవ్వాలనే చట్టం కాలిఫోర్నియా, ఇల్లినాయ్, న్యూయార్క్ లాంటి కొన్ని రాష్ట్రాల్లో ఉంది. ఎవరికి వర్తిస్తుందనేది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. ఇల్లినాయ్‌లో మేనేజర్లకి, ప్రొఫెషనల్ ఉద్యోగులకి అది వర్తించదు. మీ రాష్ట్ర లేబర్ డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్లో పది నిమిషాల్లో తెలుస్తుంది.

వీసా భయం

అసలు నోరు మూయించేది ఇదే. ఓవర్‌టైమ్ చట్టానికి మీ వీసా ఏమిటన్నది అనవసరం. హెచ్-1 అయినా, ఎల్-1 అయినా, గ్రీన్ కార్డ్ అయినా, సిటిజన్ అయినా ఒకటే.

హెచ్-1 వాళ్ళకైతే ఇంకొంచెం అదనంగానే ఉంది. మీ వీసా కోసం కంపెనీ లేబర్ డిపార్ట్‌మెంట్‌కి ఎల్‌సీఏ అనే పత్రం దాఖలు చేస్తుంది. అందులో జీతం ఎంతో రాయడమే కాదు, అదే పని చేసే ఇక్కడి ఉద్యోగులకి ఎలాంటి పని పరిస్థితులున్నాయో వీసా ఉద్యోగికీ అవే ఇస్తానని మాట ఇస్తుంది. పనిగంటలు, షిఫ్టులు, సెలవులు ఆ మాటలోకి వస్తాయని రూల్సులో స్పష్టంగా ఉంది. టీమ్‌లో అందరూ వంతులవారీగా వీకెండ్ చేస్తుంటే అది వేరు. ప్రతి శనివారం డిప్లాయ్‌మెంట్ హెచ్-1 వాళ్ళ మీదే పడుతూ, మిగతావాళ్ళు హాయిగా లేక్‌కి వెళ్తుంటే, కంపెనీ తన మాట తప్పుతున్నట్టే.

ఉద్యోగంలో చేరే రోజుకల్లా ఎల్‌సీఏ కాపీ మీకు ఇవ్వడం కంపెనీ బాధ్యత. మీ దగ్గర లేకపోతే ఈ వారమే అడగండి. ఉల్లంఘన జరిగిన పన్నెండు నెలల్లోపు డబ్ల్యూహెచ్-4 అనే ఫారం మీద ఫిర్యాదు చెయ్యవచ్చు. అందుకు కక్ష కట్టడం చట్టవిరుద్ధం. అలాగని ఉద్యోగం పోదని ఎవరూ పూచీ ఇవ్వలేరు. పోతే ఏమిటన్నది కూడా తెలిసుండాలి: 2017 జనవరి నుంచి, ఐ-94 గడువు లోపల, 60 రోజుల వరకు ఇక్కడే ఉండి వేరే ఉద్యోగం చూసుకునే వీలుంది. అందుకే ముందు ఫిర్యాదు దాకా పోకుండా, మర్యాదగా, కాగితం మీద అడగడం నేర్చుకోవాలి.

పండగలు, ప్రార్థనలు

గెరాల్డ్ గ్రాఫ్ అనే పెన్సిల్వేనియా పోస్టల్ ఉద్యోగి ఆదివారం తన మతం ప్రకారం విశ్రాంతి దినమని, ప్యాకెట్లు పంచనని కోర్టుకెక్కాడు. 2023 జూన్‌లో సుప్రీం కోర్టు జడ్జీలందరూ ఏకగ్రీవంగా చెప్పిందేమిటంటే, మతపరమైన వెసులుబాటు ఇవ్వనని యజమాని అనాలంటే దానివల్ల వ్యాపారానికి గణనీయమైన భారం పడుతుందని చూపించాలి. చిన్న ఇబ్బంది అంటే చాలదు. 15 మంది, ఆపైన ఉద్యోగులున్న కంపెనీలకి ఇది వర్తిస్తుంది. ఆదివారం చర్చికి వెళ్ళే కుటుంబాలకి, శుక్రవారం నమాజుకి వెళ్ళేవాళ్ళకి, వినాయక చవితి పూజ చేసుకునేవాళ్ళకి ఒకటే నియమం. నెల ముందే, కారణం చెప్పి, రాసి అడగండి. మరొకరితో షిఫ్టు మార్చుకోమనడం కంపెనీ చూపే ఒక దారి కావచ్చు. పుట్టినరోజు పార్టీకి మాత్రం ఈ చట్టం పనికిరాదు.

హైస్కూలు పిల్లలూ, ఇది మీకు

ఐస్‌క్రీమ్ షాపులోనో, గ్రోసరీ స్టోర్లోనో వీకెండ్ ఉద్యోగం చేసే పిల్లలు ఇది చదవండి. మీకు 14 లేదా 15 ఏళ్ళయితే, ఫెడరల్ చట్టం ప్రకారం స్కూలున్న రోజు 3 గంటలు, స్కూలున్న వారంలో మొత్తం 18 గంటలు మించి పని చెయ్యకూడదు. శని, ఆదివారాల్లో రోజుకి 8 గంటల దాకా చెయ్యవచ్చు, కానీ ఆ 18 లోపలే. సాయంత్రం 7 తరవాత వద్దు. జూన్ 1 నుంచి లేబర్ డే దాకా రాత్రి 9 వరకు సరే. పదహారు నిండితే ఫెడరల్ చట్టంలో ఈ హద్దులు లేవు, మీ రాష్ట్రంలో ఉండవచ్చు. షాపు మూశాక నేల తుడవమని మరో అరగంట ఉంచితే, ఆ అరగంటకీ డబ్బులు రావాలి. మీ గంటలు మీ ఫోనులో మీరే రాసుకోండి. ఇప్పుడు పడిన అలవాటు రేపు పెద్ద ఉద్యోగంలో పనికొస్తుంది.

ఇప్పుడు చెయ్యవలసిన పనులు

మొదటిది, మీరు ఎగ్జెంప్టా కాదా అని హెచ్‌ఆర్‌ని ఈ-మెయిల్లో అడగండి. రెండోది, వీకెండ్ పని చేసిన తేదీ, మొదలుపెట్టిన సమయం, ఆపిన సమయం, ఎవరు చెయ్యమన్నారు అన్నది మీ సొంత పుస్తకంలో రాసుకోండి. కంపెనీ ఫైళ్ళు, క్లయింటు డాక్యుమెంట్లు మాత్రం ఇంటి ఈ-మెయిల్‌కి పంపుకోవద్దు, అదో కొత్త తలనొప్పి. మూడోది, మేనేజరుతో మాట్లాడేటప్పుడు కాదు అని మొదలుపెట్టకుండా ప్రణాళిక అడగండి. "ఈ రిలీజ్‌కి ఎన్ని వీకెండ్లు పడతాయి? వంతులు ఎలా వేసుకుందాం? ఈ శనివారం చేస్తే ఏ రోజు సెలవు తీసుకోవచ్చు?" అని అడిగి, జవాబుని ఈ-మెయిల్లో తిరిగి రాసి పంపండి.

నాలుగోది, మాటలతో తేలకపోతే లేబర్ డిపార్ట్‌మెంట్ వేజ్ అండ్ అవర్ డివిజన్‌కి 1-866-487-9243 నంబర్లో ఫోన్ చెయ్యండి. ఫోన్ ఉచితం, మీ వివరాలు గోప్యంగా ఉంచుతారు. ఐదోది, ఓవర్‌టైమ్ వచ్చేవాళ్ళు పన్నుల వేళ మర్చిపోవద్దు. 2025 నుంచి 2028 దాకా ఫెడరల్ చట్టం ప్రకారం వచ్చిన ఓవర్‌టైమ్‌లో ఆ పై సగం భాగం మీద, ఒక్కరికి 12,500 డాలర్ల వరకు, భార్యాభర్తలు కలిసి ఫైల్ చేస్తే 25,000 వరకు తగ్గింపు ఉంది. ఆదాయం ఎక్కువైతే తగ్గుతూ పోతుంది. మీ సీపీఏని అడగండి.

రిలీజ్ రోజున టీమ్‌తో కూర్చోవడం మన వృత్తిలో భాగమే, దానికి ఎవరూ వెనకాడరు. ప్రతి వారం అదే అవుతుంటే, ఊరికే అవుతుంటే, మీ ఒక్కరికే అవుతుంటే మాత్రం అడగండి. అడిగే ముందు ఈ సంగతి ఇంట్లో కూడా మాట్లాడుకోండి. ఎన్ని శనివారాలు పోయాయో మీకంటే మీ పిల్లలకే బాగా గుర్తుంటుంది.

వచ్చే సంచికలో: లేఆఫ్ కాగితం చేతికొస్తే ఆ 60 రోజుల్లో ఏ పని ముందు, ఏది వెనక? మీ ప్రశ్నలు సంపాదకుల చిరునామాకి పంపండి. పేర్లు అచ్చువెయ్యం.